పేలని పిస్తోలు మీద ఫిర్యాదు

మా తమ్ముడు తుపాకి లైసెన్సు కోసం పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరించిన రోజు, ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. విచారణ చేసినవాళ్లు వాడికి ఎవరి నుంచీ ప్రాణహాని లేదని తేల్చారట. ఆ మాట వింటే ఎవరైనా సంతోషిస్తారు. వాడు అవమానపడ్డాడు.

“అంటే ఏందక్కా, నన్ను చంపుదామనుకునేటోడు గీ మండలంల ఒక్కడు గూడ లేడా?”

“లేకపోతే మంచిదే గదరా.”

“మంచిదెట్లయితది? ఇన్నేండ్ల సంది భూముల దందా చేస్తున్న. ఒక్క శత్రువన్న ఉండడా?”

మాది తొండుపల్లి. ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు మా వైపు విమానాల కంటే ముందు భూముల ధరలు గాల్లోకి లేచాయి. మా పొలంలో కొంత అప్పుడే పోయింది. మిగతాది అమ్మడం నేర్చుకున్న మా తమ్ముడు తర్వాత ఇతరుల పొలాలు అమ్మించడం మొదలుపెట్టాడు. తెల్ల చొక్కా, తెల్ల కారు, చేతిలో రెండు ఫోన్లు. మనిషి చెడ్డవాడు కాదు. ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆ తెల్ల కారే దవాఖానకు పోయేది. కానీ వాడి వ్యాపారంలో ఎంత భయపడుతున్నట్టు కనిపిస్తే మనిషి అంత పెద్దవాడట. నడుముకు తుపాకి ఉంటే కొనే పార్టీలు, అమ్మే పార్టీలు మర్యాదగా మాట్లాడతాయని వాడికి ఎవరో చెప్పారు.

నేను శంషాబాద్‌లో ఉంటాను. పాల్మాకుల బడిలో తెలుగు చెప్తాను. తుపాకి గురించి నాకు తెలిసిందల్లా అది ఏ ప్రకృతికి వికృతి అని పిల్లలు అడిగితే తప్పించుకోవాలని. లైసెన్సు రాలేదు కాబట్టి ఆ పిచ్చి వదిలిందనుకున్నాను.

కొన్నాళ్లకు ఒక ఆదివారం పొద్దున వాడు మళ్లీ వచ్చాడు. మా ఆయన కూరగాయలకు బయటికెళ్లాడు. నేను దోసెలు పోస్తున్నాను. వాడు వంటింటి గడపలోనే నిలబడ్డాడు.

“అక్కా, నన్ను మోసం చేసిండ్రు.”

ఏదో ప్లాటు గొడవ అనుకున్నాను. “ఎవరు? ఏం కొన్నవ్?”

“గగన్‌పహాడ్ లారీ అడ్డా కాడ ఒకడున్నడు. ఉత్తరాది నుంచి సామాన్ తెచ్చి అమ్ముతడు. వాని కాడ తీసుకున్న. పని చేస్తలేదు.”

“ఏం సామాన్?”

వాడు గొంతు తగ్గించాడు. “పిస్తోల్.”

పెనం మీద దోసె మాడింది. నేను పొయ్యి కట్టేసి కుర్చీలో కూర్చున్నాను. వాడు మాత్రం నా పరిస్థితి గమనించకుండా తన బాధ చెప్పుకుంటూ పోయాడు. మా చిన్నాయన వాళ్ల బీడు పొలానికి పోయి, ఆకాశం వైపు పెట్టి నొక్కాడట. పేలలేదట.

“ఆకాశం దిక్కా? విమానాలు పోతయి గదరా!”

“దూరం పోయిందాక ఆగిన గదక్కా. నేనేమన్న పిచ్చోణ్ణా?”

పేలలేదని ఫోన్ చేస్తే ఆ అమ్మినవాడు బూతులు తిట్టి, నంబరు బ్లాక్ చేశాడట. వాడి బాధంతా అది. చేతిలో దొంగ తుపాకి ఉందన్న సంగతి వాడి ఫిర్యాదులో ఎక్కడా లేదు.

“నడువు. ఇప్పుడే పోలీస్ స్టేషన్‌కు పోదాం,” అన్నాను.

వాడి మొహం వెలిగింది. “నేను గూడ అదే చెప్దామని వచ్చిన అక్కా. చీటింగ్ కేసు పెట్టాలె.”

ఆ తుపాకిని ఎట్లాగైనా వదిలించుకోవాలని నేను, దానికి న్యాయం జరగాలని వాడు, ఒకే కారులో బయల్దేరాం. మధ్యదారిలో అడిగాను, అది ఎక్కడుందని. డిక్కీలో, పిల్లల స్కూలు బ్యాగుల పక్కన, తువ్వాలులో చుట్టి ఉందన్నాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను కళ్లు మూసుకున్నాను.

మొదటి స్టేషన్‌లో ఒక హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు. మా తమ్ముడికి ముఖపరిచయమే. కూర్చోమన్నాడు. సామాన్ కొన్నానని, అది పని చెయ్యడం లేదని, అమ్మినవాడు తిడుతున్నాడని మా తమ్ముడు చెప్పాడు. పిస్తోలన్న పేరు ఎత్తడానికి వాడికెందుకో సిగ్గేసింది. వాడే చెప్తాడులే అని నేను ఆగాను.

“ఏడ కొన్నవన్నా?” అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

“గగన్‌పహాడ్ దిక్కు.”

“గట్లయితె అది మా లిమిట్స్ కాదు. ఆ దిక్కు స్టేషన్‌ల ఇయ్యి కంప్లైంట్.”

మళ్లీ కారెక్కాం. డిక్కీలో అది, ముందు సీట్లో నేను, హైవే మీద పెళ్లి బస్సులు. రెండో స్టేషన్‌లో ఒక కానిస్టేబుల్ సగం విని ఆపేశాడు.

“నువ్వుండేదేడ?”

“తొండుపల్లి.”

“సామాన్ ఇప్పుడేడున్నది?”

“నా తాననే ఉన్నది.”

“సామాన్ ఆడుంటె కంప్లైంట్ ఈడెందుకు తీసుకుంటం? ఆడనే ఇయ్యాలె.”

మళ్లీ మొదటి స్టేషన్. అక్రమంగా తుపాకి పెట్టుకున్నవాణ్ణి పట్టుకోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజు అర్థమైంది. మేమే తీసుకొచ్చి ఇస్తామన్నా తీసుకునేవాళ్లు లేరు. హెడ్ కానిస్టేబుల్ మమ్మల్ని చూసి విసుక్కున్నాడు.

“ఆదివారం పూట ఎందుకన్నా పరేషాన్ చేస్తవ్? ఇంతకు ఏం సామానది? బోరు మోటరా?”

మా తమ్ముడు నా వైపు చూశాడు. ఇక నేనే చెప్పాను. “పిస్తోలండి. కారు డిక్కీలో ఉంది.”

గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి రాయడం ఆపారు. హెడ్ కానిస్టేబుల్ మెల్లగా లేచి, మా తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, లోపలి గది వైపు కేక వేశాడు. “సార్! జర బయటికి రాండ్రి. మన లిమిట్సే!”

తర్వాత ఎంత తొందరగా పనులు జరిగాయంటే నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. తువ్వాలు విప్పారు, ఫోటోలు తీశారు, తూటాలు వేరే పెట్టారు. ఎస్సై ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి నగరం నుంచి ప్రత్యేక బృందం వాళ్లు దిగారు. ఆ అమ్మేవాడి కోసం వాళ్లు చాలాకాలంగా వెతుకుతున్నారట. వాళ్ల వెనకే రెండో స్టేషన్ వాళ్లు కూడా వచ్చారు. పొద్దున మమ్మల్ని తిప్పి పంపిన కానిస్టేబుల్ ఇప్పుడు, కొన్న చోటు తమ పరిధిలోదే కాబట్టి కేసు తమదే అంటున్నాడు. తుపాకి ఇక్కడ దొరికింది కాబట్టి తమదని హెడ్ కానిస్టేబుల్ అంటున్నాడు. ప్రత్యేక బృందం వాళ్లకు రాష్ట్రమంతా తమ పరిధే. పొద్దున ఎవరికీ అక్కర్లేని మా తమ్ముడు మధ్యాహ్నానికి అందరికీ కావలసినవాడయ్యాడు. మూడు చోట్లవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని చాయ్ తాగారు. ఆ సహకారం కుదరడానికి కారణం తనేనని వాడు ఆ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

బృందం ఇన్‌స్పెక్టర్‌ది కోస్తా యాస. చాలా మర్యాదస్తుడు. “మీరేం కంగారుపడకండి మేడం. మీ తమ్ముడు గారు మాకు కొంచెం సహకరిస్తే చాలండి. మేం చూసుకుంటాం,” అన్నాడు. ‘చూసుకుంటాం’ అన్న మాటకు ఎన్ని అర్థాలుంటాయో తెలుగు టీచరును, నాకు తట్టాల్సింది. తట్టలేదు. ధైర్యంగా ఇంటికి వచ్చేశాను.

మా తమ్ముణ్ణి వాళ్లు తమతోనే ఉంచుకున్నారు. మర్నాడు వేరే నంబరు నుంచి వాడి చేతే ఆ అమ్మేవాడికి ఫోన్ చేయించారు. జరిగింది మరిచిపోదాం, నా దోస్తులకు ఇంకో రెండు కావాలె, అని వాడు అన్నాడు. హైవే పక్క దాబాలో మిట్టమధ్యాహ్నం కలుద్దామన్నారు. దాబాలో తింటున్నవాళ్లలో సగం మంది పోలీసులే. అమ్మేవాడు సంచీతో వచ్చి కూర్చోగానే పట్టుకున్నారు. ఆ సాయంత్రం మా తమ్ముడు ఎవరి ఫోన్ నుంచో నాతో మాట్లాడాడు. గొంతులో పండగ.

“అక్కా, దొరికిండు! డిపార్ట్‌మెంటోళ్లు నన్ను మస్తు మంచిగ చూస్తున్నరు. బిర్యానీ తెప్పించిండ్రు. రేపు ప్రెస్‌మీట్ ఉన్నదట. నన్ను గూడ రమ్మన్నరు.”

“నువ్వెందుకురా ప్రెస్‌మీట్‌కు?”

“నేను లేకుంట ఎట్లయితదే?”

మర్నాడు స్టాఫ్ రూములో ఒక టీచరు తన ఫోన్లో వార్తలు చూస్తూ, మన దగ్గరే తుపాకుల ముఠా దొరికిందట అని నాకు చూపించింది. పొడుగాటి బల్ల, దాని మీద తెల్ల గుడ్డ, గుడ్డ మీద పిస్తోళ్లు, తూటాలు వరసగా పేర్చి ఉన్నాయి. వెనక మూడు చోట్ల అధికారులు, ఒకరి భుజం ఒకరికి అడ్డం రాకుండా సర్దుకుని నిలబడ్డారు. ఆ వెనక, తలకు నల్ల ముసుగులతో ఇద్దరు. ఒకడు సన్నగా ఉన్నాడు. రెండోవాడి తెల్ల చొక్కా బొజ్జ దగ్గర బిగుసుకుపోయి ఉంది. ఆ చొక్కా వాడి పుట్టినరోజుకు నేను కొన్నదే.

తర్వాత జైలు ములాఖత్‌లో అడిగితే వాడు తల దించుకుని చెప్పాడు. “ముసుగు ఎందుకు సార్ అన్న. ‘నీ మంచికే, నిన్నెవ్వరు గుర్తుపట్టొద్దు గద’ అన్నరు. సమాచారం ఇచ్చినోని పేరు బయటికి రావొద్దని అనుకున్న అక్కా. ఏ-టూ, అంటే రెండో ముద్దాయి అని చదివినంక తెలిసింది.”

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. వాణ్ణి స్టేషన్‌కు తీసుకుపోయింది నేనే కదా. మా మరదలు ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడలేదు. అడగాల్సిన నాలుగు మాటలూ అడిగేస్తే బాగుండేదనిపించేది. ఆమె మాత్రం, “మీరు చదువుకున్నోళ్లు వదినా,” అని ఊరుకునేది.

కొన్ని వారాలకు వాడికి బెయిలు వచ్చింది. కేసు మాత్రం ముందుకు కదల్లేదు. ఆయుధాల కేసు కోర్టులో నడవాలంటే పై అధికారి అనుమతి కావాలట. మొదటి స్టేషన్ వాళ్లు బృందం అడిగిందనుకున్నారు. బృందం వాళ్లు స్టేషన్ అడిగిందనుకున్నారు. రెండో స్టేషన్ వాళ్లకు ఇప్పుడు అది మళ్లీ తమ లిమిట్స్ కాదు. ప్రెస్‌మీట్‌కు ఒక్క పూటలో కుదిరిన సహకారం ఆ ఒక్క సంతకానికి ఏడాది దాటినా కుదరలేదు. బల్ల వెనక నిలబడ్డవాళ్లలో సగం మంది ఈలోగా బదిలీ అయిపోయారు.

చివరికి ఒక ప్రాసిక్యూటర్ వచ్చింది. నా వయసే ఉంటుంది, నల్ల కోటు మోచేతుల దగ్గర వెలిసిపోయి ఉంటుంది. ఆమె మూడు చోట్లవాళ్లనూ తన ఇరుకు గదిలోకి పిలిపించి, పని తేలేదాకా కదలొద్దంది. గదిలో కుర్చీలు రెండే. సంతకం ఆ నెలలోనే వచ్చింది.

ఆమె నన్నూ మా తమ్ముణ్ణీ పిలిపించింది. వాడు అప్రూవర్‌గా మారి ఉన్నదున్నట్టు చెప్తే క్షమాపణ ఇవ్వమని కోర్టును అడుగుతానంది.

“తుపాకి ఉంచుకున్నవాడి మీద కేసు సులువు. తుపాకి కనిపిస్తుంది కదా,” అంది. “అమ్మినవాడి మీద రుజువు చెయ్యడమే కష్టం. కొన్నవాళ్లెవరూ నోరు విప్పరు. విప్పితే వాళ్లే దొరుకుతారు. నేను ఇన్నేళ్లుగా చూస్తున్నా, తనంతట తాను స్టేషన్‌కొచ్చి కొన్నానని చెప్పినవాడు మీ తమ్ముడొక్కడే.”

“తెలివిలేక చెప్పిండు మేడం,” అన్నాను.

“నా కేసంతా దాని మీదే నిలబడి ఉందమ్మా,” అందామె, నవ్వకుండా.

వాడు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న సంగతి ఎట్లా బయటికి పొక్కిందో గాని, బెదిరింపు ఫోన్లు మొదలయ్యాయి. సాక్ష్యం చెప్తే పిల్లలు బడి నుంచి ఇంటికి రారని ఒకడన్నాడు. ఇన్నేళ్లూ మా తమ్ముడు కోరుకున్న శత్రువు దొరికాడు. వాడు అన్నం మానేశాడు. గేటు చప్పుడైతే లోపలి గదిలోకి పోయేవాడు. పోలీసులు ఒక కానిస్టేబుల్‌ను కాపలా పెట్టారు. అతని దగ్గర లాఠీ తప్ప ఏం లేదు. కారు షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మా అమ్మకు చిక్కుడుకాయలు ఈనెలు తీసి ఇచ్చేవాడు. అతను ఆ కుర్చీలో కనిపిస్తే తప్ప మా తమ్ముడికి నిద్ర పట్టేది కాదు.

సాక్ష్యాల రోజులకు నేను బడికి సెలవు పెట్టి వాడితో వెళ్లాను. మొదట ల్యాబ్ నుంచి వచ్చిన నిపుణుణ్ణి పిలిచారు. పిస్తోలు పరీక్షించానని, కాల్చి చూశానని, పూర్తిగా పనిచేసే స్థితిలో ఉందని అతను చెప్పాడు.

మా తమ్ముడు ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నాడు.

నిందితుడి వకీలు లేచాడు. పేలడం లేదని కదా అసలు ఫిర్యాదు, పేలనిది ఆయుధమెట్లా అవుతుందని అడిగాడు. నిపుణుడు తాపీగా జవాబిచ్చాడు. “సేఫ్టీ లాక్ తియ్యకుండా నొక్కితే ఏ పిస్తోలూ పేలదండి.”

జడ్జి గారు కాగితంలో ఏదో రాసుకుంటూ తల ఎత్తలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మా తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. ఒక చిన్న మీట జరపడం తెలియక వాడు రెండు స్టేషన్లు తిరిగి, జైలుకు పోయొచ్చాడు. భోజన విరామంలో అమ్మినవాణ్ణి బేడీలతో వరండాలోంచి తీసుకుపోతుంటే, అతను మా తమ్ముడి ముందు ఆగాడు.

“మాల్ మే క్యా ఖరాబీ థీ భాయ్?” అన్నాడు. సరుకులో ఏం లోపముందని. కోపంగా కూడా అనలేదు, పేరు పోగొట్టుకున్న దుకాణదారుడిలా అన్నాడు. మా తమ్ముడు దాదాపు ‘మాఫ్ చెయ్’ అనబోయాడు. నేను గుంజి పక్కకు తీసుకుపోయాను.

మధ్యాహ్నం ఇంకో సాక్షిని పిలిచారు. ఆరాంఘర్ దగ్గర ఆటో నడిపే మనిషి. ఎడమ కాలు ఈడుస్తూ బోనెక్కాడు. కిరాయి దగ్గర మాటామాటా పెరిగి, ప్యాసింజర్ ఒకడు పిస్తోలు తీసి తొడలో కాల్చాడట. ఆ పిస్తోలు కూడా ఈ అడ్డా నుంచే, ఈ నిందితుడి చేతుల మీదుగానే వెళ్లిందని ప్రాసిక్యూటర్ చూపించింది. అతను గట్టిగా ఏమీ అనలేదు. ఎక్కడ తగిలిందో చూపించమంటే వేలు పెట్టి చూపించాడు, అంతే.

మా తమ్ముడు ఆ మనిషి కాలునే చూస్తూ కూర్చున్నాడు. వాడి పేరు పిలిచినప్పుడు వినిపించుకోలేదు. నేను తట్టి లేపాల్సి వచ్చింది. బోనులో నిలబడి మొత్తం చెప్పాడు. ఎందుకు కొన్నాడో, ఎక్కడ పెట్టాడో. డిక్కీలో పిల్లల బ్యాగుల పక్కన పెట్టానన్నప్పుడు ఆగి నీళ్లు అడిగాడు. ఇచ్చారు. నిందితుడి వకీలు, నువ్వు నీ ప్రాణం కాపాడుకోవడానికి అబద్ధం చెప్తున్నావు కదా అని పదేపదే అడిగాడు. “నన్ను చంపేటోడు ఎవ్వడు లేకుండె సార్. ఉత్త షోకుకు కొన్న,” అన్నాడు వాడు.

బయటికొచ్చేసరికి ఆ ఆటో మనిషి గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాడు. కోర్టు మెట్లెక్కి దిగితే కాలు నొస్తుందని, ఇక్కడికొచ్చే రోజున ఆటో తియ్యడట. మా తమ్ముడు కారు ఆపి దిగాడు.

“అన్నా, ఆరాంఘర్ కాడ దింపుతం. కూసో.”

అతను కాసేపు చూసి ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక్కి జరిగాను. ఉప్పర్‌పల్లి దాటాం.

“అన్నా, అసొంటి పిస్తోల్ నా తాన గూడ ఉండె,” అన్నాడు మా తమ్ముడు.

“విన్న.”

“నాది పేలలే.”

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. “నీది పేలలేదని నువ్వు కంప్లైంట్ ఇస్తివి. నాకు పేలిందని చెప్పనీకి మా ఇంటోళ్లు పోతే, ముందుగాల ఎవల లిమిట్సో తేల్చుకోమన్నరు. దవాఖానలనే ఉన్న అప్పుడు.”

ఆరాంఘర్ దగ్గర అతను దిగుతుంటే మా తమ్ముడూ దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్ నంబరు అడిగితే అతను ఇచ్చాడు.

తీర్పు వచ్చింది. అమ్మినవాడికి ఏడేళ్ల శిక్ష పడింది. మా తమ్ముణ్ణి వదిలేశారు. మర్నాటి పేపర్లో, రెండు స్టేషన్లూ ప్రత్యేక బృందమూ చక్కటి సమన్వయంతో పనిచేసి సాధించిన శిక్ష అని రాశారు. ప్రాసిక్యూటర్ గురించి ఒక్క ముక్క లేదు. వెలిసిన కోటుతో ఆమె అప్పటికే పక్క హాల్లో ఇంకో కేసులో వాదిస్తూ ఉండి ఉంటుంది.

తీర్పు వచ్చిన రోజు కోర్టు మెట్లు దిగకుండానే మా తమ్ముడు ఫోన్ తీశాడు. మా మరదలికి చేస్తున్నాడనుకున్నాను.

“అన్నా, నేనే. తీర్పొచ్చింది.”

అవతలి నుంచి ఆటో చప్పుడు నాకూ వినిపిస్తోంది.

“ఎన్నేండ్లు?”

“ఏడు.”

అవతల హారన్లు మోగాయి.

“సరే. ప్యాసింజర్ ఉన్నడు, మల్ల మాట్లాడత,” అని అతను పెట్టేశాడు.